గరిక: పచ్చికలో, గట్టు మీద, పత్తి చేలో

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. ఖమ్మం దగ్గర ఇంటి ముందు 200 చదరపు గజాల్లో పచ్చిక పెంచాలంటే ఏ గడ్డి వేయాలి, వాగు పక్కన ఏటా కోసుకుపోతున్న పొలం గట్టు మీద ఏ గడ్డి నిలుస్తుంది, పత్తి చేలో ఎంత పీకినా మళ్లీ వచ్చే గడ్డిని ఎలా వదిలించుకోవాలి. మూడింటికీ జవాబు ఒకే మొక్క చుట్టూ తిరుగుతుంది. అది గరిక. శాస్త్రీయంగా సైనోడాన్ డాక్టిలాన్. నర్సరీల్లో బెర్ముడా గడ్డి అని అమ్ముతారు, ఉత్తరాదివాళ్లు దూబ్ అంటారు, వినాయక చవితి పూజలో పెట్టేదీ ఇదే. గట్టు మీద దీనికి మేలైన గుణం ఏదో, చేలో దీన్ని మొండి కలుపుగా మార్చేదీ అదే గుణం. అందుకే ముందు మొక్క స్వభావం చెప్పి, తర్వాత మీ మూడు పనులకు వస్తాను.

మీ చేలో ఉన్నది గరికేనా అన్నది మొదట తేల్చుకోండి. ఒక తీగను పట్టి చూడండి. నేల మీద పాకుతూ ప్రతి కణుపు దగ్గరా వేళ్లు దించుతుంది. కణుపు దగ్గర రెండు మూడు ఆకులు ఒకేచోట పుట్టినట్టు కనిపిస్తాయి, పొట్టి కణుపులు పక్కపక్కనే ఉండటం వల్ల. ఆకు వెడల్పు 2 నుంచి 4 మిల్లీమీటర్లు. ఆకు తొడుగు నుంచి విడిపోయే చోట లోపలివైపు పల్చటి పొర ఉండదు, పొట్టి తెల్లని వెంట్రుకల వరుస ఉంటుంది. పూకాడ కొసన ఒకే చోటు నుంచి 3 నుంచి 7 సన్నని కంకులు విచ్చుకుంటాయి, ఎక్కువగా నాలుగైదు. ఒక్కొక్కటి 2 నుంచి 6 సెంటీమీటర్లు ఉంటుంది.

ఇలాంటి కంకులే రాగికి చుట్టమైన అడవి గడ్డికీ ఉంటాయి, అక్కడే చాలామంది పొరబడతారు. అది ఒకే కుదురు నుంచి గుబురుగా లేస్తుంది, కాండం అడుగు చదునుగా, తెల్లగా ఉంటుంది, పాకే తీగ ఉండదు. ఏటా విత్తనంతో పుట్టి ఏటా చచ్చేది కాబట్టి కుదురుతో పీకితే పోతుంది. ఇక కాండాన్ని వేళ్ల మధ్య తిప్పితే మూడు పలకలు తగిలితే అది తుంగ. తుంగ అసలు గడ్డి కుటుంబమే కాదు, కింద గడ్డలు ఉంటాయి, గడ్డి జాతినే చంపే మందు దాని మీద పనిచేయదు. మందు కొన్న తర్వాత కాకుండా ముందే ఈ తేడా చూసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. బహువార్షిక గడ్డుల్లో రెండు రకాలు ఉంటాయి. వట్టివేరు, గినీ గడ్డి లాంటివి కుదురు కట్టి అక్కడే లావవుతాయి, కుదురుకూ కుదురుకూ మధ్య నేల ఖాళీగానే ఉంటుంది. గరిక లాంటివి పక్కలకు పాకి, వేళ్లూ తీగలూ అల్లుకుని నేలను చాపలా కప్పేస్తాయి. ఆ పని గరిక రెండు అంతస్తుల్లో చేస్తుంది. నేల మీద పాకే తీగలు ఒక అంతస్తు. నేల లోపల తెల్లగా, పొలుసులు కప్పుకుని, కొస సూదిగా ఉండే కొమ్ములు రెండోది. మీరు వేళ్లనుకుని పీకేవి చాలావరకు ఈ కొమ్ములే, అవి కాండాలు. ప్రతి కణుపులోనూ ఒక మొగ్గ ఉంటుంది. కొన మొగ్గ బతికున్నంతసేపు వెనక మొగ్గలు నిద్రలో ఉంటాయి. కొన తెగగానే అవి లేస్తాయి. అందుకే కత్తిరించినా, పశువు మేసినా, దంతెతో కోసినా గరిక పల్చబడదు, ఇంకా చిక్కబడుతుంది.

తిండి నిల్వ ఉండేది కొమ్ముల్లో. పైన ఉన్నదంతా ఎండిపోయినా, మేసేసినా, కాలిపోయినా ఆ నిల్వతో మళ్లీ చిగురిస్తుంది. కొమ్ముల్లో ఎక్కువ భాగం పై 10 నుంచి 15 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటుంది. వదులు నేలల్లో, ఏళ్ల తరబడి దున్నని గట్లలో ఇంకా లోతుకు దిగుతుంది. మామూలు వేళ్లు మీటరు దాటి పోతాయి, వర్షాభావాన్ని అది తట్టుకునేది వాటి వల్లే. నాటేటప్పుడు, కోసేటప్పుడు, చంపేటప్పుడు మీరు వేసుకోవలసిన ప్రశ్నలు రెండే: మొగ్గలు ఎక్కడున్నాయి, నిల్వ ఎటు కదులుతోంది.

వాతావరణం విషయానికొస్తే, జొన్న, చెరకు, మొక్కజొన్నల్లాగే ఇది ఎండను బాగా వాడుకునే సి4 మొక్క. 24 నుంచి 37 డిగ్రీల మధ్య ఉరకలేస్తుంది. 15 డిగ్రీల కిందికి వస్తే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది, మట్టి వేడి 10 డిగ్రీల కిందికి పోతే ఆకు గోధుమరంగుకు తిరిగి నిద్రపోతుంది. ఖమ్మం చలికాలంలో అంత దూరం రాదు, డిసెంబరు, జనవరిల్లో మందగిస్తుంది అంతే.

చౌడును తట్టుకోవడంలో దీనికి సాటి వచ్చే పచ్చిక గడ్డులు తక్కువ. మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత విద్యుత్ వాహకత. మట్టి సారంలో అది మీటరుకు సుమారు 6.9 డెసీసీమెన్‌ల వరకు ఉన్నా దిగుబడి తగ్గదు, 14-15 దగ్గర సగానికి పడుతుంది. వరికి ఆ మొదటి హద్దు 3 మాత్రమే. ఉప్పు నీటి బోరున్న ఇళ్లలోనూ గరిక పచ్చిక నిలబడేది ఇందుకే. వరదలో కొన్నాళ్లు మునిగినా బతుకుతుంది. ఇది ఓర్చుకోలేనిది ఒక్కటే, నీడ. రోజుకు కనీసం ఆరు గంటలు, వీలైతే ఎనిమిది గంటలు నేరుగా ఎండ పడాలి. నీడలో కణుపుల మధ్య దూరం పెరిగి, తీగలు పాకడం మాని నిక్కుకుంటాయి, చాప చిల్లులు పడుతుంది. ఎరువు, నీరు ఎంత పోసినా ఆ చిల్లు పూడదు.

పచ్చికకు రకం ఎంచుకోవడంలో ఒక మోసం గురించి హెచ్చరించాలి. నాటు గరికలో 36 క్రోమోజోములుంటాయి. ఆఫ్రికా గరికకు 18. ఈ రెంటినీ కలిపి అమెరికాలోని జార్జియా రాష్ట్రం టిఫ్టన్‌లో శాస్త్రవేత్త గ్లెన్ బర్టన్ బృందం సన్నాకు సంకరాలు తయారుచేసింది. 1960లో వచ్చిన టిఫ్‌వే, 1965లో వచ్చిన టిఫ్‌డ్వార్ఫ్ వాటిలోవే. సంకరాలకు 27 క్రోమోజోములు, కాబట్టి పనికొచ్చే విత్తనం పట్టదు. తీగ ముక్కలతోనో, పచ్చిక పలకలతోనో మాత్రమే పెంచాలి. ఎవరైనా టిఫ్‌వే విత్తనాల ప్యాకెట్ అంటూ అమ్మితే అది టిఫ్‌వే కాదు. నాటు గరికలోనూ ఒకే తల్లి తీగ నుంచి విస్తరించిన మడి తన పుప్పొడితో గింజ పట్టడం చాలా తక్కువ. విత్తనంతోనే వేయాలనుకుంటే విత్తనానికని పెంచిన రకాలు కొనాలి. గ్రాముకు సుమారు 4 వేల గింజలు తూగుతాయి, కాబట్టి పలచని ఇసుకలో కలిపి చల్లాలి, మట్టి 5 మిల్లీమీటర్లకు మించి కప్పకూడదు. మొలక ఒక వారం నుంచి మూడు వారాల మధ్య వస్తుంది. మీ ఇంటికి నా సలహా విత్తనం కాదు, తీగ ముక్కలు. త్వరగా అల్లుకుంటుంది, అంతా ఒకే రంగులో ఉంటుంది. పిల్లలు ఆడే చోటైతే నాటు గరికో, నర్సరీల్లో దొరికే సెలెక్షన్ 1 రకమో చాలు. సంకర రకాలు అందంగా ఉంటాయి గాని వారానికి రెండుసార్లు కోత యంత్రం పట్టే ఓపిక ఉండాలి.

అమెరికాలో ఉన్న చుట్టాల మాట విని పచ్చిక పెంచేవాళ్లకు ఒక మాట. డల్లాస్ వైపు ఇళ్ల ముందు విరివిగా కనిపించేది మన గరికే, కాబట్టి అక్కడి అనుభవం చాలావరకు ఇక్కడికీ పనికొస్తుంది. షికాగో, న్యూజెర్సీ వైపు ఉండే కెంటకీ బ్లూగ్రాస్ వేరే మొక్క. అదీ చాప అల్లేదే గాని, నేలలోని కొమ్ములతోనే అల్లుతుంది, పైన పాకే తీగలుండవు. చల్లని వసంతంలో, శరత్తులో పెరిగి ఎండాకాలంలో నిద్రపోతుంది, 6 నుంచి 8 సెంటీమీటర్ల ఎత్తున కోస్తారు. ఆ ఎత్తున గరికను వదిలితే అడుగంతా మోడు తేలుతుంది. ఆ బ్లూగ్రాస్ విత్తనం తెచ్చి ఖమ్మంలో చల్లితే మే నెల దాటదు.

ఇక మీ ఇంటి ముందు పని. 200 గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు. మే నెలలో 20-25 సెంటీమీటర్ల లోతు తవ్వి, రాళ్లు, ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు ఏరేయండి. కట్టడం మిగిల్చిన చెత్త మీద పలచగా మట్టి పోసి నాటిన పచ్చికలు మొదటి వేసవిలోనే మచ్చలుగా ఎండుతాయి, వేరు దిగే దారి ఉండదు కాబట్టి. చదరపు మీటరుకు 5 కిలోల మాగిన పశువుల ఎరువు, 50 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కలపండి. అంటే మొత్తానికి 800 కిలోల పైచిలుకు ఎరువు, 8 కిలోల సూపర్. పచ్చి ఎరువు వేస్తే వేరు పురుగునూ, కలుపు విత్తనాన్నీ కొని తెచ్చుకున్నట్టే. నీళ్లు ఇంటి పునాది వైపు కాకుండా బయటికి జారేలా 100కు 1 నుంచి 2 వంతుల వాలు ఇవ్వండి. తర్వాత తడిపి రెండు మూడు వారాలు వదిలేయండి. తుంగ, ఇతర కలుపు మొలుస్తుంది, గడ్డలతో సహా తవ్వి తీసేయండి. చాలామంది తొందరపడి దాటేసేది ఈ మెట్టే. గరిక అల్లుకున్నాక మధ్యలో లేచిన తుంగను చేత్తో తీయడం ఏళ్ల పని.

తొలకరి పడ్డాక జూన్, జూలైల్లో నాటండి. ఒక చదరపు మీటరు మంచి పచ్చిక పలకను విడదీస్తే 10 చదరపు మీటర్లకు సరిపోతుంది, మీకు 17 పలకలు చాలు. మూడు నాలుగు కణుపులున్న 10-15 సెంటీమీటర్ల ముక్కలు చేసి, 10 సెంటీమీటర్ల ఎడంలో, గుంతకు రెండు మూడు ముక్కల చొప్పున నాటాలి. మూడింట రెండు వంతులు మట్టిలో, కొస మాత్రం పైన. పూర్తిగా పూడిస్తే కుళ్లుతుంది, పైనే పరిస్తే ఎండుతుంది. కణుపు తడి మట్టిని తాకుతూ, కొస వెలుతురులో ఉండాలి. తెచ్చిన ముక్కలను తడి గోనెలో నీడన ఉంచి అదే రోజు నాటేయండి. నాటాక బరువైన రోలరుతోనో, పలక వేసి తొక్కో మట్టి అదమండి. మొదటి రెండు వారాలు వాన లేని రోజుల్లో రెండు పూటలా పలచగా తడపాలి. కూలీలు తక్కువగా దొరికితే, 5 సెంటీమీటర్ల ముక్కలుగా తరిగిన గరికను పేడ, మట్టితో జారుగా కలిపి రెండున్నర సెంటీమీటర్ల మందాన పూసే పాత పద్ధతి కూడా పనిచేస్తుంది. కాకపోతే ఆ పూత పగుళ్లివ్వకుండా తడి చూసుకోవాలి.

గడ్డి 5-6 సెంటీమీటర్లు లేవగానే మొదటి కోత 4 దగ్గర పెట్టండి. ఆ తర్వాత నాటు గరికను 3 సెంటీమీటర్ల దగ్గర నిలపండి. ఒక్క కోతలో ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. నెలరోజులు వదిలేసి ఒకేసారి నేలకంటా కోస్తే పచ్చిక గోధుమరంగుకు తిరుగుతుంది. తెగులని కంగారుపడి మందులు కొడతారు గాని అది తెగులు కాదు. ఎత్తు పెరిగినప్పుడు ఆకులన్నీ పైకి చేరి కింద మోడు కాడలు మిగులుతాయి, కోసినప్పుడు కనిపించేవి అవే. తరచుగా, తక్కువ ఎత్తున కోస్తే కింది కణుపులకు వెలుతురు చేరి ఆకు అక్కడే పుడుతుంది. బ్లేడు మొద్దుబారితే ఆకు కొసలు చీరుకుపోయి తెల్లగా కనిపిస్తాయి.

నీరు వారానికి 25 మిల్లీమీటర్లు, అంటే మీ స్థలానికి సుమారు 4,200 లీటర్లు, రెండు తడుల్లో. ఏప్రిల్, మే నెలల్లో 35-40 మిల్లీమీటర్లు. రోజూ కొంచెం చల్లడం కంటే రెండుసార్లు లోతుగా తడపడం మేలు, వేరు నీటి వెంట దిగుతుంది. నీళ్లు లేని వేసవిలో ఎండిపోయినా భయపడకండి, కొమ్ములు బతికే ఉంటాయి, వానకు లేస్తుంది. మార్చి నుంచి అక్టోబరు వరకు నాలుగైదు వారాలకోసారి చదరపు మీటరుకు 10 గ్రాముల యూరియా, మొత్తానికి 1.7 కిలోలు చాలు. ఆకు పొడిగా ఉన్నప్పుడు సాయంత్రం చల్లి వెంటనే నీళ్లు పెట్టాలి. తడి ఆకు మీద పడితే మచ్చలుగా మాడుతుంది. పచ్చదనం చాలలేదని యూరియా పెంచుతూ పోతే చచ్చిన తీగలు పొరగా పేరుకుంటాయి. ఆ పొర ఒక సెంటీమీటరు దాటితే నీరు కిందికి దిగదు, కాలు వేస్తే మెత్తగా దిగబడుతుంది. తొలకరికి ముందు ఇనుప పళ్ల రేక్‌తో దువ్వి పొర లాగేసి, 3 మిల్లీమీటర్ల మందాన ఇసుక, మాగిన ఎరువు మిశ్రమం చల్లితే నెల తిరిగేసరికి కొత్త పచ్చిక వస్తుంది.

పచ్చిక పాడైనప్పుడు చూడవలసిన గుర్తులు కొన్ని చెబుతాను. లేత ఆకుల్లో ఈనెల మధ్య పసుపు రంగు కనిపిస్తే, ముఖ్యంగా సున్నం ఎక్కువున్న నేలలో, అది ఇనుము అందకపోవడం. లీటరుకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే వారంలో తిరుగుతుంది. అలా కాక కొన్ని పిలకలు మొత్తం పాలిపోయి తెల్లగా, పొట్టిగా, గుత్తిగా మారితే అది ఫైటోప్లాస్మా అనే బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవి వల్ల వచ్చే తెల్లాకు తెగులు. దానికి మందు లేదు, చుట్టూ 30 సెంటీమీటర్లు తవ్వి తీసి కొత్త ముక్క పెట్టాలి. ఎండిన మచ్చను పట్టి లాగితే చుట్ట చుట్టినట్టు లేచి వస్తే కింద వేరు పురుగు వేళ్లు కొరికేసిందన్నమాట. పురుగును చంపే శిలీంధ్రం మెటారైజియం పొడిని మాగిన ఎరువులో కలిపి తడి నేలలో వేయాలి. ఆగస్టు, సెప్టెంబరులో రెండు మూడు రోజుల్లోనే పెద్ద మచ్చ పడితే లద్దె పురుగును అనుమానించండి. 10 లీటర్ల నీటిలో రెండు చెంచాల బట్టల సబ్బుపొడి కలిపి మీటరు మేర పోస్తే, పురుగులుంటే కొద్ది నిమిషాల్లో పైకి వస్తాయి. ఇంట్లో ఆయాసం, తుమ్ముల బాధ ఉన్నవాళ్లుంటే పూత రానివ్వకుండా కోస్తూ ఉండండి. గరిక పుప్పొడి బాగా పడని వాళ్లు చాలామంది ఉంటారు.

వాగు గట్టుకు రండి. ఇక్కడ గరిక బలమూ, హద్దూ రెండూ తెలుసుకోవాలి. బాగా అల్లుకున్న గరిక చాప, 5 శాతం లోపు వాలున్న కాలువలో, గట్టి నేల అయితే సెకనుకు 2.4 మీటర్ల వేగంతో పారే నీటినీ, సులువుగా కోతపడే నేల అయితే 1.8 మీటర్ల వేగాన్నీ ఆపగలదని నేల, నీటి సంరక్షణ పట్టికలు లెక్కకడతాయి. వాలు 10 శాతం దాటితే అవే అంకెలు 1.8, 1.2కు దిగుతాయి. కుదురు గడ్డులకు ఇంత ఉండదు, కుదుళ్ల మధ్య నీరు పాయలు చేసుకుంటుంది. అయితే గరిక పట్టేది పై 10-15 సెంటీమీటర్ల మట్టిని. గట్టు లోపలి నుంచి పెళ్లగా జారుతుంటే గరిక ఒక్కటే ఆపలేదు. అడుగున, మధ్యన వట్టివేరు వరుసలు పెట్టి, వాటి మధ్య గరిక పరచాలి. లోతు బలం వట్టివేరుది, ఉపరితలం కాపు గరికది.

గట్టును ముందు 1:2 వాలుకు, అంటే మీటరు ఎత్తుకు రెండు మీటర్ల అడుగు ఉండేలా, దిద్దండి, నిలువు గోడ మీద ఏ గడ్డీ నిలవదు. 30 సెంటీమీటర్ల చదరపు పలకలు, 4-5 సెంటీమీటర్ల మట్టితో తవ్వి, కింది అంచు నుంచి మొదలుపెట్టి ఇటుక వరస పద్ధతిలో అతుకులు తప్పించి పేర్చండి. ఒక్కో పలకకు 20 సెంటీమీటర్ల వెదురు మేకు రెండు దిగ్గొట్టాలి. జూన్ చివర్లో, వాగు పొంగే లోపు కనీసం నాలుగు వారాలు దొరికేలా చూసుకోండి. అల్లుకోకముందే వరద వస్తే పలకలు మేకులతో సహా పోతాయి. అంత వ్యవధి లేకపోతే ఈ ఏడు సాహసం చేయకుండా సెప్టెంబరులో, వానల చివర పెట్టి వచ్చే ఏటికి సిద్ధం చేసుకోవడం నయం. మొదటి నెల మేకలు ఎక్కనివ్వొద్దు. తర్వాత మేత మంచిదే, కోత పని తప్పుతుంది. లేత గరికలో మాంసకృత్తులు బాగుంటాయి, పూత వచ్చి ముదిరితే తగ్గిపోతాయి. గడ్డిని మోకాలెత్తు పెరగనిస్తే ఎలుకలు బొరియలు చేసినా కనిపించవు, గట్టుకు గండి అక్కడే మొదలవుతుంది. వరి మడి వైపు గట్టు లోపలి అంచున మాత్రం గరికను ఉంచకండి. వరి పాముపొడ తెగులు శిలీంధ్రం దాని మీదా బతుకుతుంది, నాటు ముందు గట్లు చెక్కే పాత అలవాటుకు ఇదో మంచి కారణం. చెక్కిన ముక్కల్ని మడిలోకి విసరకుండా బయటికి తీసి ఎండబెట్టాలి.

చివరిగా పత్తి చేను, అన్నిటికన్నా కష్టమైనది. తుంగ తర్వాత ప్రపంచంలోనే ఎక్కువ నష్టం చేసే కలుపుగా గరికను శాస్త్రవేత్తలు లెక్కించారు, కాబట్టి ఒక్క దఫాలో పోదు. రెండేళ్ల పని అనుకోండి. మీరు చేస్తున్నదాంట్లో రెండు పనులు గరికను పెంచుతున్నాయి. మొదటిది రోటావేటర్. కొమ్ముల్ని చిన్న ముక్కలు చేసి చేనంతా పంచుతుంది, ప్రతి ముక్కలో ఒకటో రెండో మొగ్గలుంటాయి. తడి నేలలో తిప్పి ఆ వారంలో వాన పడితే మీరు గరిక నాటినట్టే. రెండోది గుంటక, దంతె తీగను కోసి వరస వెంట లాక్కుపోవడం. చేలో గరిక మచ్చలు సాళ్ల వెంట పొడుగ్గా సాగుతుంటే కారణం అదే.

పత్తి కట్టె తీశాక ఏప్రిల్, మే నెలల్లో, నేల బాగా ఎండాక 20-25 సెంటీమీటర్ల లోతు నాగలి దుక్కి చేయండి. కొమ్ములు పెళ్లలతో సహా తిరగబడాలి. పెళ్లలు పగలగొట్టకుండా వారం పది రోజులు ఎండకు వదలండి. తర్వాత కల్టివేటర్ పళ్లతో దువ్వి కొమ్ముల్ని గట్టుకు లాగి ఎండబెట్టి కాల్చేయండి, పెంటకుప్పలో వేయకండి. మళ్లీ పది రోజులకు ఇంకో దఫా. ఎండిన కొమ్ము విరిస్తే టక్కున విరగాలి, వంగితే ఇంకా ప్రాణం ఉన్నట్టే. మధ్యలో అకాల వాన పడితే పచ్చటి మొలకలు తిరిగి నిల్వ కూడబెట్టక ముందే, రెండు మూడు ఆకుల దశలో, ఇంకోసారి దువ్వండి. చిన్న మచ్చలైతే తడిపి, పలచని పారదర్శక పాలిథీన్ షీటును అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే పైపొర కొమ్ములు ఉడికి చస్తాయి. నల్ల షీటుకు అంత వేడి ఎక్కదు.

పత్తి మొలిచాక గడ్డి మందు వాడాలంటే, వెడల్పాకు పంటలో గడ్డినే చంపే క్విజాలోఫాప్ ఇథైల్ 5 శాతం మందు ఎకరాకు 400 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీటిలో. గరిక తీగలు 10-15 సెంటీమీటర్లు ఉన్నప్పుడు, నేలలో తేమ ఉన్నప్పుడు కొట్టాలి. వాడిపోయిన మొక్క మందును లోపలికి తీసుకోదు. మచ్చల్లో మళ్లీ చిగురిస్తే మూడు వారాలకు ఇంకోసారి కొట్టాలి, ఒక్కసారితో ఆకు పోతుంది గాని కొమ్ము మిగులుతుంది. పక్కన జొన్న, మొక్కజొన్న, వరి ఉంటే తుంపర పడకుండా చూడండి, అవీ గడ్డులే.

ఇక ఏ పచ్చని మొక్కనైనా చంపే గ్లైఫోసేట్ సంగతి. 41 శాతం మందు లీటరుకు 10 మిల్లీలీటర్లు అన్నది వాడుకలో ఉన్న మోతాదు. అది పత్తినీ చంపుతుంది, కాబట్టి పంటలేని చోటే. 2022 అక్టోబరులో కేంద్రం దీని వాడకాన్ని లైసెన్సున్న తెగుళ్ల నియంత్రణ సంస్థల వరకే పరిమితం చేస్తూ ఉత్తర్వులిచ్చింది. అందువల్ల ముందు మీ మండల వ్యవసాయాధికారిని అడిగి, అనుమతి ఉన్నవాళ్ల చేతే చేయించండి. చేయిస్తే కాలం సరిగ్గా ఎంచుకోండి. ఈ మందు మొక్కలో చక్కెరలు ప్రవహించే దిక్కుకే పోతుంది. తొలకరి చిగురు వేళ నిల్వ కొమ్ముల నుంచి పైకి వస్తుంటుంది, అప్పుడు కొడితే ఆకు మాడి కొమ్ము బతుకుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో నిల్వ కిందికి దిగుతుంది, అప్పుడు కొడితే కొమ్ముదాకా చేరుతుంది. బురద నీటిలో కలిపితే బంకమట్టికి అతుక్కుని పనిచేయదు, కొట్టాక ఆరు గంటలు వాన పడకూడదు, రెండు వారాలు దున్నకూడదు. పారాక్వాట్ అనే కలుపు మందు జోలికి వెళ్లొద్దు. పైఆకును మాత్రమే మాడ్చుతుంది, మనిషి ఒంట్లోకి పోతే విరుగుడు లేదు.

మందుల కంటే నాకు ఎక్కువ నమ్మకం నీడ మీద. మచ్చలు ఎక్కువున్న అరెకరంలో ఒక వానాకాలం పత్తి మానేసి జనుము ఎకరాకు 20-25 కిలోల లెక్కన ఒత్తుగా చల్లండి. వేసవి దుక్కితో నీరసించిన గరిక మీద ఆరేడు వారాలు ఆ నీడ పడితే కొత్త నిల్వ కట్టుకోలేదు. జనుము కలియదున్నితే నేలకు బలం కూడా. ఎడంగా వేసిన పత్తిలో మొదటి రెండు నెలలూ నీడ ఉండదు, గరికకు కావలసిన అవకాశం అదే.

గట్టు మీద పెంచి చేలో చంపుతున్నప్పుడు రెంటి మధ్య హద్దు కావాలి. గట్టు అడుగున 30 సెంటీమీటర్ల వెడల్పున ఖాళీ పట్టీ వదిలి, వానాకాలంలో రెండు వారాలకోసారి పారతో చెక్కండి. ఇంటి దగ్గర పూలమడికీ పచ్చికకూ మధ్య 20-25 సెంటీమీటర్ల లోతుకు దిగి, నేలపైన 4 సెంటీమీటర్లు కనిపించేలా గట్టి ప్లాస్టిక్ పట్టీ గాని ఇటుక గాని పెట్టండి. లోతు కొమ్ములకు, పై అంచు తీగలకు అడ్డం. మందు కొట్టిన గట్ల మీద గరికను పూజకు గాని, రసానికి గాని, పశువులకు గాని కోయకుండా ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి. చవితి పడేది సరిగ్గా ఆ పిచికారీల కాలంలోనే.